కాసులపేరు విడిపించే లెక్క: ఒక ఏడాది పొదుపు డైరీ

జనవరి 5, 2025

మా అత్తగారి కాసులపేరు 2023 వర్షాకాలం నుంచి తాకట్టులో ఉంది. మామగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో చేతికి అందిన దారి అదొక్కటే కావడంతో, ఐదు కాసుల బరువున్న ఆ నగను రాజమహేంద్రవరంలోని ఒక ప్రైవేటు ఫైనాన్సులో పెట్టి, నూటికి రూపాయిన్నర వడ్డీకి 1,20,000 రూపాయలు తెచ్చాము. మామగారు దక్కలేదు. అప్పు మిగిలింది. అప్పటి నుంచి నెలనెలా 1,800 రూపాయల వడ్డీ తప్పకుండా కడుతున్నాము గాని, అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

ఈ రోజు రూళ్ల నోటుపుస్తకం ఒకటి కొని, మొదటి పేజీలో రెండు మాటలు రాసుకున్నాము. మొదటిది, కాసులపేరు అత్తగారి చేతికి తిరిగి రావాలి. రెండవది, పదిహేనేళ్లుగా కాంట్రాక్టరు కింద వైరింగు పని చేస్తున్న మా వారు సొంతంగా పని పట్టుకోవాలి. ఒక ఇంటి వైరింగు ఒప్పుకుంటే గోడలు చెక్కి పైపులు వేయడం మొదలుకొని స్విచ్చి బోర్డులు బిగించే వరకు నెలలు పడుతుంది, ఇంటి యజమాని డబ్బు విడతలుగా ఇస్తాడు, సహాయకుడికి మాత్రం ఏ వారం కూలి ఆ వారమే ఇవ్వాలి. కనీసం 60,000 రూపాయలు చేతిలో తిరుగుతూ ఉంటే తప్ప ఆ ధైర్యం చేయలేమని మా వారి అంచనా.

ఈ నెలలో ఏ ఖర్చూ తగ్గించకూడదని నిర్ణయించుకున్నాము. ప్రతి ఖర్చును రాయడమే పని. తేదీ, మొత్తం అనే రెండు గళ్లకు తోడు 'ఎందుకు' అనే మూడవ గడి కూడా గీశాను. కడియపులంకలో ఒక నర్సరీ కార్యాలయంలో లెక్కలు రాయడమే నా ఉద్యోగం. ఎన్నో ఏళ్లుగా ఇతరుల జమాఖర్చులు పైసాతో సహా సరిచూస్తున్న నేను మా ఇంటి పద్దు ఏనాడూ రాయలేదన్న సంగతి ఈ గడులు గీస్తున్నప్పుడు మనసును బాధించింది.

జనవరి 31

నా జీతం 18,000, మా వారి రాబడి 25,500, మొత్తం 43,500 రూపాయలు. ఖర్చు 46,380. తేడా 2,880 రూపాయలు మా తమ్ముడి దగ్గర చేబదులు తెచ్చాము.

అద్దె 8,500, కిరాణా 7,900, పాప స్కూలు ఫీజు 3,000 వంటివి ముందే ఊహించినవి. ఊహించనివి మూడు బయటపడ్డాయి. సంక్రాంతి వెళ్లగానే వరుసగా వచ్చిన మూడు శుభకార్యాలకు చదివింపులు, బట్టలు, ప్రయాణాలు కలిపి 5,200 అయింది. బయటి తిండికి 3,350 పోయింది. 'ఇతరాలు' అని రాసిన 2,100 రూపాయలు దేనికి ఖర్చయ్యాయో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఫోనుతో చెల్లింపు మొదలైన తరువాత డబ్బు చేతిలోంచి పోతున్న స్పర్శ పోయిందని అత్తగారు అన్నారు. ఆ మాట నిజమే. నోటు విప్పి ఇచ్చినప్పుడు మిగిలినది కంటికి కనిపిస్తుంది, ఫోనులో ఇచ్చినది మాత్రమే కనిపిస్తుంది.

ఫిబ్రవరి 9

బయటి తిండి పద్దును విడదీసి చూశాను. జనవరిలో మొత్తం 41 చెల్లింపులు. వాటిలో 29 చెల్లింపులు సాయంత్రపు టీలు, బజ్జీల వంటి చిన్నవి, అన్నీ కలిపినా 1,040 రూపాయలే. మిగిలిన 12 చెల్లింపులకు 2,310 రూపాయలు అయ్యాయి. అవి పార్సిళ్లు. టీ మానేయాలని ముందు అనుకున్నాము గాని, పని మధ్యలో తోటివారితో కలిసి మా వారు తాగే టీ జోలికి వెళ్లవద్దని ఈ లెక్క చూశాక తీర్మానించాము.

ఆ పన్నెండు పార్సిళ్ల తేదీలను నా ఆఫీసు క్యాలెండరుతో పోల్చినప్పుడు తొమ్మిది నేను ఆలస్యంగా ఇల్లు చేరిన రోజులవేనని తేలింది. జనవరి నర్సరీలకు ముమ్మరమైన కాలం కావడంతో, లారీలు బయలుదేరే దాకా బిల్లులు రాసి ఎనిమిదింటికి ఇల్లు చేరినప్పుడు వంటింట్లోకి వెళ్లే ఓపిక ఉండేది కాదు. ఇది నాలుక కోరిన ఖర్చు కాదు గనుక, నోరు కట్టుకున్నంత మాత్రాన తగ్గదు. అలసిన రోజుకు అన్నం ముందే సిద్ధంగా ఉండాలి.

అందుకే ఆదివారం ఉదయం ఒక గంట కేటాయించాము. రెండు గ్లాసుల మినప్పప్పు రాత్రే నానబోసి, పొద్దున్నే గ్రైండరులో వేసి, వెన్నలా పొంగే దాకా కొద్దికొద్దిగా చన్నీళ్లు చిలకరిస్తూ రుబ్బుతాను. సగం రుబ్బులో రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వను కడిగి, నీళ్లు పిండేసి కలుపుతాను. మిగిలిన సగంలో విడిగా నానబెట్టి రుబ్బిన బియ్యం కలిపి దోసెలకు ఉంచుతాను. ఆ రోజుకు కావలసినంత మాత్రమే బయట పులియనిచ్చి, తక్కినది వెంటనే ఫ్రిజ్‌లో పెడితే గురువారం దాకా పులుపెక్కదు. మా వారు కందిపప్పు, శనగపప్పు, మినప్పప్పు విడివిడిగా దోరగా వేయించి ఇస్తే, అత్తగారు ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు కలిపి కందిపొడి కొడతారు. వేడి అన్నం, కందిపొడి, నెయ్యి ఉన్న ఇంట్లో రాత్రి ఎనిమిదింటికి పార్సిలు తెప్పించుకోవలసిన అవసరం రాలేదు.

ఫిబ్రవరి 28

జీతం పడిన రోజునే 6,000 రూపాయలు వేరే ఖాతాలోకి మార్చాను. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోలేదు, ఫోనులో ఏ చెల్లింపు యాప్‌కూ దాన్ని కలపలేదు. డబ్బు తీయాలంటే పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకు వెళ్లాలి. తమ్ముడి 2,880 తిరిగి ఇచ్చేయగా 3,120 మిగిలింది.

ఈ ఏర్పాటు చూసి అత్తగారు తన కథ చెప్పారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, 1990లలో రోజుకో రూపాయి లెక్కన ఆడవాళ్లు పొదుపు సంఘాలు కట్టుకున్న కాలంలో, ఆమె కూడా తమ ఊరి సంఘంలో చేరారట. "సంఘంలో ఉన్న రూపాయి మా ఆయనకు కనిపించేది కాదమ్మా, పోపుల డబ్బాలో ఉన్నది మాత్రం కనిపించేసేది" అన్నారు. నేను బ్యాంకులో ఈ వారం చేసిన పనిని ఆమె ముప్పై ఏళ్ల కిందటే చేశారు.

మార్చి 23

అత్తగారి బీపీ, షుగరు మందుల కోసం జన ఔషధి దుకాణానికి వెళ్లాము. ముందుగా డాక్టరు గారిని అడిగి, కంపెనీ పేర్లకు బదులు మందుల అసలు పేర్లు, మోతాదులు రాయించుకున్నాము. నెలకు 1,480 అయ్యే మందులు 560 రూపాయలకు వచ్చాయి. కూరగాయలకు రైతు బజారుకు వెళ్తున్నాము. చూడని సినిమా యాప్‌లు రెండు ఆపేశాము. వీటి గురించి ఇంతకంటే రాయవలసినది లేదు.

నెలాఖరుకు 8,500 రూపాయలు జమ చేయగలమని తెలుస్తున్నది.

ఏప్రిల్ 30

ఈ నెలలో పొదుపు 9,000. అయితే అందులోంచి 5,400 పెట్టి, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు కొన్నాము. కూడబెట్టమని అంటూనే కొనడమేమిటని అత్తగారు అడిగినప్పుడు, మా వారు పాత కరెంటు బిల్లు వెనక లెక్క వేసి చూపించారు.

పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది 28 వాట్లు తీసుకుంటుంది. రెండు ఫ్యాన్ల మీద 94 వాట్లు ఆదా అయితే, వేసవిలో రోజుకు పదిహేను గంటల చొప్పున నెలకు 42 యూనిట్లు తగ్గాలి. నిరుడు ఏప్రిల్‌లో 262 యూనిట్లు కాలగా, ఈ ఏప్రిల్‌లో 220 వచ్చాయి. మన రాష్ట్రంలో గృహ వినియోగానికి 126 నుంచి 225 వరకు యూనిట్‌కు 6 రూపాయలు, అది దాటితే 8.75 రూపాయలు. తగ్గిన 42 యూనిట్లలో 37 యూనిట్లు ఖరీదైన ఆ పై శ్లాబులోవే కావడంతో, ఇతర ఛార్జీలు పక్కన పెట్టినా 354 రూపాయలు మిగిలాయి. చలికాలంలో ఇంత మిగలదు. అయినా రెండేళ్లలోపు ఫ్యాన్ల ధర తిరిగి వచ్చేస్తుందని, ఆ తరువాత వచ్చేదంతా లాభమేనని ఆయన చెప్పారు. కొనడం మానేయడమే పొదుపని అనుకుంటున్న నాకు ఈ లెక్క ఎంతో మేలు చేసింది.

మిగిలిన 15,220 రూపాయల్లో 15,000 ఫైనాన్సులో అసలు కింద కట్టాము. అప్పు 1,05,000కు తగ్గింది. వడ్డీ ఇకమీదట 1,575. రెండేళ్లలో మొదటిసారి రసీదు మీద అసలు అంకె మారింది.

మే 18

ఈ ఏడాది ప్రాజెక్టులో అన్నిటికంటే కష్టమైన భాగం ఈ నెలలో ఎదురైంది. మా వదినగారి అమ్మాయి ఓణీల వేడుక. మేనమామగా మా వారు పట్టు పరికిణీ, ఓణీతో పాటు బంగారు కమ్మలు పెట్టాలని అందరూ ఎదురు చూస్తున్నారు. నేడున్న బంగారం ధరకు, ఎంత చిన్న జత కొన్నా మా నాలుగు నెలల శ్రమ కరిగిపోతుంది.

మన ఇళ్లలో చదివింపు ఒక బాకీ వంటిది. మా పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో రాసి ఉన్న పుస్తకం అత్తగారి బీరువాలో ఇప్పటికీ ఉంది. నూటపదహార్లు ఇచ్చిన వారింటికి ఐదువందల పదహార్లు, ఐదువందల పదహార్లు ఇచ్చిన వారింటికి వెయ్యినూటపదహార్లు పట్టుకెళ్లడం ఆనవాయితీ అయింది. ఏప్రిల్ చివర ఆ పుస్తకం ముందు పెట్టుకుని ముగ్గురమూ కూర్చుని, ఏడాదికి శుభకార్యాల కవరు 12,000 అని నిర్ణయించాము. మేనమామ వరస, ఆడపడుచు వరస తప్పించి మిగిలిన ప్రతి ఇంటికీ ఐదువందల పదహార్లే. అయితే ఎవరి ఇంటికీ వెళ్లడం మానకూడదని, ముందురోజే వెళ్లి పనిలో చేయి వేయాలని కూడా అనుకున్నాము. మా వారు ఇప్పటికే రెండు పెళ్లిళ్లలో పందిరికి దీపాలు కట్టారు. ఆ ఇళ్లవారికి అది చదివింపు కంటే ఎక్కువగా గుర్తుండిపోయిందని నా నమ్మకం.

వదినగారి ఇంటికి మాత్రం వేడుకకు రెండు వారాల ముందే వెళ్లాము. మా వారు దాచకుండా చెప్పారు.

"అక్కా, ఈ ఏడాది కమ్మలు పెట్టలేను. అమ్మ కాసులపేరు ఇంకా తాకట్టులోనే ఉంది. దాన్ని విడిపించాలని నెలనెలా కూడబెడుతున్నాము."

వదినగారు చాలాసేపు మాట్లాడలేదు. "నలుగురిలో ఏమంటారోనని భయంగా ఉంది తమ్ముడూ" అన్నారు. తరువాత నా వైపు తిరిగి, "అమ్మ నగ ఇంకా అక్కడే ఉందని నాతో ఒక్క మాటైనా అనలేదేం?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. అప్పు ఉన్నదన్న సంగతి దాచడానికి మేము రెండేళ్లుగా ఎంత ఖర్చు పెట్టామో ఆ క్షణంలో అర్థమైంది. వేడుకకు 4,600 రూపాయల బట్టలతో వెళ్లాము. కమ్మల గురించి ఒకరిద్దరు అడిగారట. వదినగారే ఏదో సర్దిచెప్పారు.

ఈ నెల పొదుపు 4,000.

జూన్ 14

పుస్తకాలు, యూనిఫాం, ఫీజు వాయిదా. పొదుపు 2,500 మించదు. అప్పు కింద 5,000 కట్టడంతో అసలు లక్షకు దిగింది. ఈ నెలలోనే మా ఇద్దరికీ బ్యాంకులో ప్రధానమంత్రి పేరిట ఉన్న రెండు బీమాలు తీసుకున్నాము. ఏడాదికి జీవన్ జ్యోతి 436, సురక్షా ప్రమాద బీమా 20 రూపాయలు, ఒక్కొక్కటి రెండు లక్షలకు. నిచ్చెనలెక్కి కరెంటు పని చేసే మనిషి ఉన్న ఇంట్లో ఇన్నేళ్లు ఆ 20 రూపాయల బీమా లేకపోవడం పెద్ద పొరపాటు. ఆ పద్దు పక్కన 'ఎందుకు' గడిలో పాప పేరు రాశాను.

జూలై 31

లెక్క తప్పింది. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు గనుక ఇళ్లు పూర్తిచేయాలన్న తొందర ఎవరికీ ఉండదు, దానికి వానలు తోడయ్యాయి. దీనికితోడు కాంట్రాక్టరు మా వారికి రావలసిన 14,000 రూపాయలు ఆపేశాడు. ఈ నెల రాబడి 29,000, ఖర్చు 34,200. ఖాతాలో ఉన్నది 1,720. తక్కువ పడిన 3,480 రూపాయలకు కిరాణా కొట్టులో అరువు రాయించవలసి వచ్చింది.

జనవరితో పోలిస్తే ఖర్చు నెలకు పన్నెండు వేలు తగ్గించిన ఇల్లు, ఒక్క నెల రాబడి తగ్గగానే అరువుకు వెళ్లవలసి రావడం నన్ను చాలా కలవరపెట్టింది. పుస్తకం మొదటి నుంచి తిరగేసి చూస్తే పొరపాటు క్రమంలో ఉందని తెలిసింది. వడ్డీ భారం తగ్గించాలన్న ఆత్రంతో వచ్చిన ప్రతి రూపాయినీ ఫైనాన్సులో కట్టాను. ఏటా వచ్చే ఆషాఢం వస్తుందని తెలిసీ చేతిలో నిల్వ ఉంచలేదు. ఇకమీదట నిల్వ కనీసం 25,000కు చేరే వరకు అసలు కింద ఏమీ కట్టకూడదని పుస్తకంలో ఎర్ర సిరాతో రాశాను.

ఆగస్టు 31

ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. షేర్ ఆటోకు రానూపోనూ 50 రూపాయల చొప్పున నెలకు 1,250 ఇస్తున్న నేను ఇప్పుడు రావులపాలెం వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కుతున్నాను. పదిహేను నిమిషాలు ముందు బయలుదేరవలసి ఉంటుంది. మిగిలే 1,250 ఇంటి ఖర్చులో కలిసిపోకుండా, వచ్చే నెల నుంచి ఒకటో తేదీనే వేరు చేయాలి.

ఆగిన డబ్బులో కొంత వచ్చింది. ఈ నెల మిగిలిన 3,500తో కిరాణా అరువు తీర్చేశాము.

సెప్టెంబరు 20

ఈ రోజు రాస్తున్నది సంతోషంగా రాస్తున్నాను. మా వారు పని చేస్తున్న ఒక ఇంటి యజమాని బ్యాంకు ఉద్యోగి. బంగారం మీద బ్యాంకులు ఏడాదికి 9 శాతానికే అప్పు ఇస్తున్నాయని ఆయన చెప్పారు. మన లెక్కలో అది నూటికి ముప్పావలా వడ్డీ. మేము కడుతున్నది సరిగ్గా దానికి రెట్టింపు.

చిక్కు ఒక్కటే. నగ చేతిలో ఉంటేనే బ్యాంకు అప్పు ఇస్తుంది. ఫైనాన్సులో లక్ష కడితేనే నగ చేతికి వస్తుంది. ఈ రెండు పనుల మధ్య ఓ రెండు గంటల పాటు లక్ష రూపాయలు కావాలి. మే నెలలో కమ్మలు పెట్టలేదని బాధపడిన వదినగారే తన చిట్టీ డబ్బు తీసుకుని వచ్చారు.

ముందు ఫైనాన్సులో డబ్బు కట్టి, నగ తూకం మా పాత రసీదుతో సరిచూసుకుని తీసుకున్నాము. బ్యాంకులో నగ విలువ కట్టే అప్రైజరు గారు గీటురాయి మీద ఒక్కొక్క కాసునూ గీసి, ఆమ్లం చుక్క వేసి చూశారు. లక్ష్మీదేవి బొమ్మ అరిగిపోయిన ఒక కాసును అత్తగారు వేలితో చూపించి, అది వాళ్ల అమ్మగారి నాటిదని చెప్పారు. ఆయన ఆ కాసును మరింత నెమ్మదిగా పట్టుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి లక్ష నా ఖాతాలో పడింది. అక్కడే తీసి వదినగారికి ఇచ్చేశాము. నెలకు 1,500 వడ్డీ 750కి దిగింది. కాసులపేరు ఇంటికి రాలేదు గాని, రెండేళ్ల తరువాత అత్తగారు దాన్ని ఇరవై నిమిషాలు ఒళ్లో పెట్టుకున్నారు.

ఈ పని జనవరిలోనే చేసి ఉంటే ఆరు వేల రూపాయలకు పైగా మిగిలేది. టీ ఖర్చులు, యాప్‌ల చందాలు వెతికిన నేను అన్నిటికంటే దండగైన పద్దును, అంటే వడ్డీ రేటును, తొమ్మిది నెలలు ప్రశ్నించలేదు. ఎవరైనా ఇటువంటి పుస్తకం మొదలుపెడితే, మొదటి పేజీలోనే తమ అప్పుల వడ్డీ రాసుకుని, దానికంటే తక్కువకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవాలని నా మనవి.

నవంబరు 16

సెప్టెంబరులో 6,500, అక్టోబరులో 9,200 జమ అయ్యాయి. ఈ నెల పదివేలు దాటేలా ఉంది. పాప పేరు మీద పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరిచాము. పదేళ్ల లోపు ఆడపిల్లలకే ఇది తెరవడానికి వీలు, పాపకు ఎనిమిది నిండాయి. ప్రస్తుతం వడ్డీ 8.2 శాతం. నెలకు 1,000 రూపాయల చొప్పున కట్టాలని అనుకున్నాము. బ్యాంకులో అప్పు 9 శాతానికి ఉండగా 8.2 శాతానికి దాచడం లెక్క ప్రకారం నష్టమేనని నాకు తెలుసు. అయినా పదిహేనేళ్లు కట్టవలసిన దానికి అలవాటు ఇప్పుడే పడాలని, తేడా నెలకు కొన్ని రూపాయలేనని ఆలోచించి తెరిచాము.

పాస్‌బుక్కు మీద తన పేరు చూసి పాప దాన్ని స్కూలు సంచిలో పెట్టుకుంటానని పట్టుబట్టింది. అత్తగారు బీరువాలో, చదివింపుల పుస్తకం పక్కన పెట్టారు.

డిసెంబరు 31

నవంబరు పొదుపు 10,400, డిసెంబరు 10,900. నాలుగు నెలల్లో మొత్తం 37,000. ఎర్ర సిరా మాట ప్రకారం 25,000 నిల్వ ఉంచి, 12,000 అసలు కింద కట్టాము. బంగారం అప్పు ఇప్పుడు 88,000, నెల వడ్డీ 660. 'ఇతరాలు' పద్దు ఈ నెల 190 రూపాయలు.

అనుకున్న రెండు పనులలో ఏదీ పూర్తి కాలేదు. ఇదే జోరు సాగితే కాసులపేరు రావడానికి వచ్చే అక్టోబరు దాకా పడుతుంది, మళ్లీ ఆషాఢం మధ్యలో ఉంది గనుక దసరాకు అని అత్తగారికి చెప్పాను. సొంత పనికి 60,000 కావాలన్న అంచనాను మా వారు మాత్రం మార్చుకున్నారు. పెద్ద ఇల్లు కాకుండా రెండు గదుల ఇల్లు పట్టుకుంటే, సామాను యజమానే కొనిచ్చే ఒప్పందం మీద, 15,000తో మొదలుపెట్టవచ్చని ఆయన లెక్క వేశారు. ధవళేశ్వరంలో అటువంటి పని ఒకటి కుదిరింది. కాంట్రాక్టరు దగ్గర పని మానకుండా, ఆదివారాలూ సాయంత్రాలూ చేస్తారు. ఇంటి నిల్వ 25,000ను ఈ పనికి తాకకూడదని, జనవరి పొదుపుతోనూ యజమాని ఇచ్చే బయానాతోనూ సరిపెట్టుకోవాలని ఇద్దరమూ ఒప్పుకున్నాము.

ఈ సాయంత్రం బయానాగా 10,000 రూపాయలు వచ్చింది. ఆ డబ్బు ఇంటి పద్దులో రాయలేదు. దానికి కొత్త నోటుపుస్తకం తెచ్చి, జమ వైపు మొదటి గీతలో మా వారి చేతే రాయించాను. 'ఎందుకు' గడి ఈ పుస్తకంలోనూ గీశాము.